దర్వాజా కంపెనీ వాళ్ల పేర్లు

నిన్న సాయంత్రం ఆరూ ఇరవైకి కాప్రాలో మా వీధిలో కరెంటు పోయింది. ఫ్యాన్ నెమ్మదించిన చప్పుడు, ఫ్రిజ్ ఆగిన చప్పుడు, ఆ వెంటనే గోడ పక్కన ఇన్వర్టర్ టక్‌మని అందుకున్న చప్పుడు. ఆ టక్ వినపడేదాకా నేను ఊపిరి బిగబట్టి ఉన్నానని తర్వాత గమనించాను. నిజానికి ఏదీ పోలేదు. నేను అనువాదం చేస్తున్న జపనీస్ నీటి పంపుల వాడుక పుస్తకం కంప్యూటర్ తెర మీద ఉన్నచోటే ఉంది. కరెంటు పోయినప్పుడు ఇలా ఊపిరి బిగబట్టడం నాకు ఒక మనిషి దగ్గర అలవాటైంది. ఆయన పేరు ఖాదర్. సికింద్రాబాద్‌లో కార్ఖానా అనే పేటలో వీడియో గేమ్స్ దుకాణం నడిపేవారు. పోయిన చలికాలంలో చనిపోయారు.

ఆయన్ను చూడనివాళ్లకు చెప్పడానికి పెద్దగా గుర్తులేమీ లేవు. పొట్టి మనిషి. ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా, జేబులో పెన్ను ఉండాల్సిన చోట టెస్టర్. సూర్యాపేట దగ్గర పల్లె వాళ్లది, ఇంట్లో తెలుగే. తండ్రి సమాధి రాళ్ల మీద పేర్లు చెక్కేవారట. కొడుకు ఆ పని నేర్చుకోలేదు. సికింద్రాబాద్ వచ్చి రేడియోలు బాగుచేశారు, తర్వాత టీవీలు, ఆ తర్వాత సెకండ్‌హ్యాండ్‌లో కొన్న వీడియో గేమ్ మిషన్లతో దుకాణం పెట్టారు. గొంతు ఎప్పుడూ పెంచేవారు కాదు. నేను ఈ రోజు చేస్తున్న పని, ఆ పని చేసే తీరు, రెండూ ఆ దుకాణంలోనే మొదలయ్యాయి.

నాకప్పుడు ఇరవై మూడేళ్లు. మావాళ్లు తెనాలి నుంచి వచ్చి మెట్టుగూడలో స్థిరపడ్డారు. బీకామ్ పూర్తయినా ఉద్యోగం దొరకలేదు. జపనీస్ వస్తే కంపెనీల్లో అవకాశాలుంటాయని ఎవరో చెబితే కార్ఖానాలో సాయంత్రం తరగతిలో చేరాను. అక్షరాలు వచ్చాయి గాని భాష రాలేదు. ఇక మానేద్దామని ఇంట్లో చెప్పేశాను కూడా. ఆ వారంలోనే ఒక సాయంత్రం బస్టాప్‌కి నడుస్తుండగా పెద్ద వాన పట్టుకుంది. ఆ దుకాణం రేకుల కింద నిలబడ్డాను. లోపలంతా మగవాళ్లే.

"తడుస్తవెందుకు చెల్లె, లోపలికి రా," అన్నారు కౌంటర్ వెనకున్న మనిషి. "ఈడ నిన్నెవ్వరూ ఏమనరు. డేంజర్ మన్షి అంటే నర్సింగ్ ఒక్కడే. గేమ్‌ల ఉన్నంతసేపు వాడికి లోకమే కనవడదు."

ఖాకీ చొక్కా వేసుకున్న ఒక ఆటో డ్రైవర్ తెర మీంచి చూపు తిప్పకుండానే అన్నాడు: "భాయ్, జెర చుప్ ఉండు. నది దాటుతున్న."

స్టూలు వేశారు. కూర్చుని నర్సింగ్ ఆట చూశాను. ఆ మిషన్‌ని దుకాణంలో పోస్ట్‌మన్ గేమ్ అనేవారు. వీపున పెట్టె కట్టుకున్న ఒక టపా మనిషి కొండల మీంచి సముద్రం దాకా పరుగెత్తాలి. దారి పొడుగునా దొంగలు. మధ్య మధ్య తెర మీద జపనీస్ అక్షరాలు వస్తున్నాయి. తెలియకుండానే వాటిని పైకి చదివానేమో, ఖాదర్ భాయ్ కౌంటర్ వదిలి వచ్చారు.

"ఏందీ, నువ్వు చదువుతున్నవా అది?"

"అక్షరాలు కూడబలుక్కుంటున్నానండి. అర్థం తెలీదు."

"చాలు," అన్నారు. "జెరసేపు కూసో. వాన తగ్గినా పోకు. వీడు ఇయ్యాల ఆఖరిదాకా పోయేటట్టున్నడు."

నర్సింగ్ ఆఖరిదాకా వెళ్లాడు. తెల్లవారుతున్న సముద్రం కనిపించింది. టపా మనిషి పెట్టె దించి ఇసుకలో కూర్చున్నాడు. అప్పుడు ఖాదర్ భాయ్ మామూలు గొంతుతోనే, "పేర్లొస్తున్నయ్," అన్నారు. దుకాణంలో అందరూ ఆడుతున్న ఆటల మీంచి చేతులు తీసి లేచి నిలబడ్డారు. తమ ఆట ఓడిపోతున్నా ఎవరూ పట్టించుకోలేదు. నేనొక్కదాన్నే కూర్చుని ఉన్నాను. నర్సింగ్ నా వైపు తిరిగి, "లెవ్వు అక్కా, పేర్లు," అన్నాడు, పిల్లలకు బడిలో చెప్పినట్టు.

నీటి అడుగు నుంచి తేలినట్టు పేర్లు ఒక్కొక్కటే పైకి వచ్చాయి. ఆ ఆటను తయారు చేసినవాళ్ల పేర్లు. ఖాదర్ భాయ్ ఏళ్ల తరబడి వాటిని చూస్తున్నారు, ఒక్కటీ చదవలేకపోయారు. నా పక్కన నిలబడి ఏం రాసుందని అడుగుతూ పోయారు, నేను చదువుతూ పోయాను. చివరిది 'నురెనెకో'.

"అంటే?"

"నెకో అంటే పిల్లి. నురె అంటే తెలీదండి."

"తెల్సుకోని రా," అన్నారు. "మిగిలినయి సుత."

మానేద్దామనుకున్న తరగతికి మర్నాడు వెళ్లాను. తరగతి అయ్యాక నేరుగా దుకాణానికి వచ్చి చెప్పాను: "తడిసిన పిల్లి." దుకాణమంతా నవ్వింది. "నిన్న అక్క సుత గట్లనే వచ్చింది గదా," అన్నాడు నర్సింగ్. మిగిలిన పేర్లూ అలాంటివే. నిద్రమొహం, ముల్లంగి, బక్క మామ. మా మాస్టారు కారణం చెప్పారు. ఆ రోజుల్లో అక్కడి కంపెనీలు తమ పనివాళ్ల అసలు పేర్లు ఆటలో పెట్టనిచ్చేవి కావట. పోటీ కంపెనీలు వాళ్లను లాక్కుపోతాయని భయం. అందుకని వాళ్లే ఏదో ఒక పేరు పెట్టుకునేవారు.

ఖాదర్ భాయ్ నవ్వలేదు. "దొంగ పేరైనా పేరే," అన్నారు. తండ్రి గురించి అప్పుడు చెప్పారు. రాయి మీద ఆఖరి అక్షరం అయిపోగానే ఆయన ఉలి పక్కన పెట్టి, దుమ్ము ఊది, లేచి నిలబడేవారట. అవతలివాడు ధనికుడా, బీదవాడా, తనకు తెలిసినవాడా అని చూసేవారు కాదట. "మా అబ్బా నాకు నేర్పింది గదొక్కటే. ఉలి పట్టుడు నాకు రాలే. నిలవడుడు వచ్చింది."

ఆ మిషన్ మీద ఒక గుమ్మం బొమ్మ ఉండేది. రెండు నిలువు గీతలు, పైన ఒక అడ్డ గీత. అది ఆ కంపెనీ గుర్తు. అసలు పేరు నోరు తిరగక కార్ఖానాలో అందరూ దర్వాజా కంపెనీ అనేవారు. నాకు చదవడం వచ్చాక కూడా నేను ఆ మాటే వాడాను. ఇప్పుడూ అదే వాడుతున్నాను.

ఆ ఆటలో నది దగ్గర ఒక చోటుంది. ఒక మధ్యాహ్నం దుకాణం ఖాళీగా ఉంటే ఖాదర్ భాయ్ నన్ను మిషన్ ముందు కూర్చోబెట్టి అక్కడిదాకా తనే ఆడారు. ఒడ్డున రాళ్ల మీద ఒక ఆడమనిషి బట్టలు ఉతుకుతోంది. వెనక దృశ్యంలోని బొమ్మ అది, ఆటకు సంబంధం లేదు. "ఇగ చూడు," అని ఆయన చేతులు తీసేశారు. టపా మనిషి ఆగిపోయాడు. దొంగలు రావడానికి ఇంకాస్త సమయం ఉంది. ఏమీ జరగలేదు. ఇంకా ఏమీ జరగలేదు. అప్పుడా ఆడమనిషి బట్ట పిండడం ఆపి, తల ఎత్తి, ముంజేత్తో జుట్టు వెనక్కి తోసుకుని, మా వైపు చూసింది. మళ్లీ వంగి ఉతుక్కుంది. అంతే. తర్వాత దొంగలు వచ్చి టపా మనిషిని చంపేశారు.

"ఎందుకు పెట్టిండ్రు?" అన్నారు ఖాదర్ భాయ్. "ఆగితే చస్తరు. ఆటకొచ్చినోడు ఎవడూ ఆగడు. ఎవ్వడూ చూడడని తెల్సు. తెల్సి సుత ఎవడో ఒకడు కూసోని, చుక్క చుక్క పెట్టి, ఆమెతోని తల ఎత్తించిండు."

ఆయన గొంతులో ఉన్నది భక్తి అనను. ఆ మాట పెద్దది, ఆయన ఒప్పుకునేవారు కాదు. ఒక పనివాడు ఇంకో పనివాడి పని చూసి నోట మాట రాకుండా ఉండిపోవడం అది. ఆ రోజు నుంచి నాకు అది అంటుకుంది. తర్వాత నేను అనువాదాలు మొదలుపెట్టినప్పుడు, తొందరలో చేసిన పేజీ ఒకటి ఆయనకు గొప్పగా చదివి వినిపించాను. విని, "మంచిగనే ఉన్నది," అన్నారు. కాసేపయ్యాక, "నది కాడ ఆగినవా?" అని అడిగారు. మళ్లీ మొదటి నుంచి చేశాను.

ఆ కంపెనీ చరిత్ర మాకు ముక్కలు ముక్కలుగా దొరికింది. మిషన్ లోపల ఉండే సర్క్యూట్ బోర్డులు జపాన్ నుంచి సెకండ్‌హ్యాండ్‌లో వచ్చేటప్పుడు పాత పత్రికల కాగితాల్లో చుట్టి వచ్చేవి. ఖాదర్ భాయ్ ఒక్క కాగితమూ పారెయ్యలేదు. వాటిని పరుపు కింద పెట్టి మడతలు పోయాక నాకిచ్చేవారు. నేను నిఘంటువు పక్కన పెట్టుకుని చదివి చెప్పేదాన్ని. ఒసాకాలో ఒక వడ్రంగి పెద్ద దుకాణాల డాబాల మీద పిల్లలు ఎక్కి ఊగే చెక్కగుర్రాలు చేసేవాడు. వాటికి మోటారు పెట్టాడు. తర్వాత బల్బులు వెలిగే తుపాకీ ఆటలు, తర్వాత టీవీ తెర ఆటలు. వర్క్‌షాపు ఉన్న సందు మొదట్లోని గుమ్మమే కంపెనీ గుర్తయింది. వాళ్ల ఆటలు దేశదేశాలకు వెళ్లాయి. ఆ చెక్కగుర్రాల సంగతి వచ్చినప్పుడు ఖాదర్ భాయ్ కాగితం నా చేతిలోంచి తీసుకుని, మసకగా అచ్చయిన ఆ గుర్రం బొమ్మను చాలాసేపు చూశారు.

చివరి కాగితాల్లో మిగతాది ఉంది. జనం ఇళ్లలోనే ఆడుకోవడం మొదలుపెట్టారు. కంపెనీ తన శక్తినంతా ఒక్క ఆట మీద పెట్టింది. అది మా పోస్ట్‌మన్ గేమ్. అమ్ముడుపోలేదు. అప్పటికి అందరికీ ఇద్దరు కొట్టుకునే ఆటలు కావాలి, ఒంటరిగా పరుగెత్తే టపా మనిషి ఎవరికీ అక్కర్లేదు. కంపెనీ మూతపడింది. మేం ఆ ముక్క చదివేసరికి అది మూతపడి చాలా కాలమైంది.

"అంటే మునుగుతున్నమని వాళ్లకెర్కే," అన్నారు ఖాదర్ భాయ్. "ఎర్కుండి సుత ఆమెతోని తల ఎత్తించిండ్రు."

కంపెనీ లేకపోవడంతో అసలు చిక్కు మొదలైంది. ఆ రోజుల్లో ఆటలను దొంగతనంగా నకలు చేసేవారు. అది ఆపడానికి దర్వాజా కంపెనీ తన ఆటను బోర్డులో గజిబిజిగా రాసి పెట్టేది. దాన్ని సరిచేసి చదివే తాళంచెవి లాంటిది ఒక చిన్న మెమరీలో ఉండేది. ఆ మెమరీకి ప్రాణం ఒక చిన్న బ్యాటరీ. బ్యాటరీ అయిపోతే తాళంచెవి చెరిగిపోతుంది, ఆట తెరుచుకోదు. కంపెనీ ఉన్నప్పుడైతే బోర్డు పంపిస్తే మళ్లీ రాసిచ్చేవాళ్లు. ఇప్పుడు పంపడానికి ఎవరూ లేరు. మిగిలిన దారి ఒక్కటే. మిషన్ నడుస్తుండగానే, లోపల కరెంటు ఉండగానే, పాత బ్యాటరీ ఊడదీసి కొత్తది అతకాలి. ఆ కాస్త సమయంలో కరెంటు పోతే అంతా పోతుంది. అది కార్ఖానా. ఎండాకాలం. కరెంటు ఎప్పుడు పోతుందో ఎవరికీ తెలియని రోజులు.

ఒక శుక్రవారం నమాజు అయ్యాక మొదలుపెట్టారు. నర్సింగ్ తన ఆటోను గుమ్మం ముందు ఆపి, బ్యాటరీ ఊడదీసి ఇన్వర్టర్‌కు కలిపాడు. మిషన్ వెనక తలుపు తెరిచారు. టార్చి పట్టుకోవడం నా పని. ఖాదర్ భాయ్ సోల్డరింగ్ ఐరన్ వేడెక్కించి, దాని ప్లగ్గు పీకేసి, చల్లారేలోపు అంటించి తీసేవారు. ప్లగ్గులో ఉండగా తాకితే దాన్లోంచి వచ్చే కొద్దిపాటి కరెంటుకే బోర్డు పోవచ్చట. పాత బ్యాటరీ ఒక కాలు ఊడింది. రెండోది ఊడింది. బ్యాటరీ ఆయన అరచేతిలో ఉండగా వీధి మొత్తానికి కరెంటు పోయింది.

లైట్లు, ఫ్యాను, మిగతా మిషన్లు అన్నీ ఆరిపోయాయి. టక్‌మని ఇన్వర్టర్ అందుకుంది. ఆ దుకాణంలో ఒక్క తెర వెలుగుతూ మిగిలింది. అందులో టపా మనిషి పరుగెత్తుతున్నాడు.

"నా బండి బ్యాటరీ భాయ్. నమ్ము," అన్నాడు నర్సింగ్.

"నీ బండిని నమ్మ," అన్నారు ఖాదర్ భాయ్ తల ఎత్తకుండా. "రోజుకోసారి తొయ్యమంటది. బ్యాటరీని నమ్ముతున్న. చెల్లె, లైట్ కదలనియ్యకు."

ఇన్వర్టర్ మిషన్‌కే సరిపోతుంది, ఐరన్ మళ్లీ వేడెక్కించడానికి కరెంటు లేదు, ఉన్న వేడితోనే అతికించాలి. కొత్త బ్యాటరీ ఒక కాలు అతికింది. రెండోది మొదటిసారి అతకలేదు. ఆయన ఐరన్ మొనను ఊదలేదు, తుడవలేదు, రెండోసారి అలాగే ఆనించి పట్టుకున్నారు. అతికింది. చెయ్యి తీసి వెల్లకిలా నేల మీద పడుకుండిపోయారు. మా అందరికీ ఊపిరి అప్పుడొచ్చింది. నర్సింగ్ ఆ రోజు కిరాయిలు వదులుకుని ఆఖరిదాకా ఆడాడు. కరెంటు రాని ఆ దుకాణంలో, ఆటో బ్యాటరీ మీద, పేర్లు వచ్చాయి. అందరం నిలబడ్డాం. ఖాదర్ భాయ్ నేల మీంచి లేచి నిలబడ్డారు.

ఆ తర్వాత కూడా బ్యాటరీ మార్చే వేళ వచ్చినప్పుడల్లా అలాగే మార్చారు. దుకాణానికి జనం తగ్గారు. సగం చోటు సెల్‌ఫోన్ కవర్లు అమ్మేవాళ్లకు అద్దెకిచ్చారు. నాకు పని దొరికింది, కాప్రాకు మారాను, అయినా వెళ్తూనే ఉన్నాను. మళ్లీ బ్యాటరీ మార్చాల్సిన వేసవిలో లాక్‌డౌన్ వచ్చింది. ఆ వీధికి అడ్డంగా కర్రలు కట్టారు. ఖాదర్ భాయ్ ఇంట్లో కూర్చుని రోజూ ఫోన్ చేసేవారు. "మిషన్ సల్లగ ఉన్నదో ఏమో," అనేవారు, ఆస్పత్రిలో ఉన్న మనిషి గురించి అన్నట్టు. దారి తెరిచాక ముగ్గురం కలిసి వెళ్లాం. మిషన్ ఆన్ చేస్తే తెర అంతా ఒకే ఆకుపచ్చ రంగు. అక్షరం లేదు, బొమ్మ లేదు.

"ఫోన్ల దొర్కుతది భాయ్, ఇప్పుడన్నీ దొర్కుతున్నయ్," అన్నాడు నర్సింగ్. వెతికాం. అమ్ముడుపోని ఆట కదా, రెండు మూడు బొమ్మలు తప్ప ఏమీ దొరకలేదు. ఖాదర్ భాయ్ ఆ పచ్చ తెర మీద చెయ్యి పెట్టి, "పేర్లు యాడికీ పోలే చెల్లె," అన్నారు. "లోపల్నే ఉన్నయ్. మనకు తెరుస్తలేదు. గంతే."

తర్వాత పంపుల కంపెనీ వాళ్ల శిక్షణకు దుబాసీగా నేను ఒసాకా వెళ్లాను. సెలవు రోజున, పాత కాగితాల్లోని చిరునామా పట్టుకుని ఆ సందు వెతికాను. గుమ్మం లేదు. కంపెనీ ఉన్నచోట కార్లు నిలిపే స్థలం ఉంది. ఎదురుగా ఒక చిన్న లాండ్రీ. లోపల ఒక ముసలావిడ వంగి చొక్కా ఇస్త్రీ చేస్తోంది. అడ్డం వచ్చినందుకు క్షమించమని అంటే, ఆవిడ ఇస్త్రీ ఆపి, తల ఎత్తి, ముంజేత్తో జుట్టు వెనక్కి తోసుకుని నా వైపు చూసింది.

ఆ కంపెనీ గురించి అడిగాను. "పాపం, అందరూ బక్కపిల్లలే," అంది. "అదిగో, అక్కడ పై అంతస్తు కిటికీ దగ్గర ఒకబ్బాయి కూర్చునేవాడు. ఎంత వానొచ్చినా గొడుగు లేకుండా సైకిలు మీదే వచ్చేవాడు. పిలిచి తువ్వాలు ఇచ్చేదాన్ని. తడిసిన పిల్లీ అని పిలిచేదాన్ని. కంపెనీ మూసేసిన రోజు నా తువ్వాలు ఉతికి తెచ్చిచ్చాడు. లాండ్రీకి ఉతికి తెచ్చివ్వడం ఏమిటని నవ్వాను." పేరడిగాను. "మోరితా," అంది. సొంత ఊరు వెళ్లిపోయాడట. తర్వాత ఏమయ్యాడో ఆవిడకు తెలియదు.

నది గురించి చెప్పాను. "నేనెప్పుడూ నదిలో బట్టలుతకలేదే," అంది ఆవిడ. తర్వాత, "తల ఎత్తుతానా? అంతేనా?" అని అడిగింది. అంతేనని చెప్పాను. ఆవిడ ఎదురుగా ఉన్న ఖాళీ స్థలం వైపు, పై అంతస్తు కిటికీ ఉండాల్సిన ఎత్తుకు, చూసింది.

ఊరికి రాగానే కార్ఖానా వెళ్లాను. ఖాదర్ భాయ్ అప్పటికే జబ్బుగా ఉన్నారు, కుర్చీలో దిండు పెట్టుకుని కూర్చునేవారు. నర్సింగ్‌ను పిలిపించి ఇద్దరికీ చెప్పాను. దుప్పటి కప్పిన మిషన్ పక్కనే ఉంది. తువ్వాలు సంగతి రాగానే ఖాదర్ భాయ్ అడిగారు.

"పేరేంది?"

"మోరితా."

ఆయన మిషన్ మీద చెయ్యి ఆనించి లేచారు. "కూసో భాయ్, డాక్టర్ వద్దన్నడు," అన్నాడు నర్సింగ్, అంటూనే తనూ లేచాడు. "చెల్లె," అన్నారు ఖాదర్ భాయ్, "అన్నీ చెప్పు. వరస తప్పకు."

ఇన్నేళ్లలో ఎక్కడా రాసుకోలేదు. చూసి చూసి వచ్చేశాయి. నిద్రమొహం నుంచి మొదలుపెట్టి, సముద్రం మీద వాటికి పట్టేంత సమయం ఒక్కోదానికి ఇచ్చి, అన్నీ చెప్పాను. చివర తడిసిన పిల్లి చోట మోరితా అన్నాను. పక్కన కవర్లు కొంటున్నవాళ్లు తిరిగి చూశారు. అయిపోయాక ఖాదర్ భాయ్ మిషన్ మీది దుప్పటి దుమ్ము ఊది కూర్చున్నారు.

ఆయన సమాధి రాయి మీద పేరు చెక్కిన రోజు నేనూ నర్సింగ్ వెళ్లి నిలబడ్డాం. మిషన్‌ను పాత ఇనుము వాళ్లు తీసుకెళ్లారు. బోర్డు నా బీరువాలో ఉంది, పాత బట్టలో చుట్టి. పేర్లు అందులోనే ఉన్నాయి. నేను ఏ అనువాదం పూర్తి చేసినా పంపే ముందు ఒకసారి ఎక్కడో ఒకచోట ఆగి, అక్కడ ఎవరైనా తల ఎత్తుతారేమోనని చూస్తాను. పంపుల పుస్తకాల్లో కూడా అప్పుడప్పుడు ఎత్తుతారు. దాన్ని రాసినవాళ్ల పేర్లేమిటని కంపెనీని అడుగుతాను. చాలాసార్లు చెప్పరు.

నిన్న కరెంటు ఏడు గంటలకు వచ్చింది. కార్ఖానాలో ఆ దుకాణమంతా ఇప్పుడు సెల్‌ఫోన్ కవర్లే. అక్కడ పేర్ల కోసం ఎవరూ లేచి నిలబడరు.